ఉమ్మడి గాదెకు కాపలా ఎవరు?

ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ కౌంటర్ దగ్గర మిమ్మల్ని మొదట అడిగే మాట ఒకటే: "పాత చీటీ ఉందా? నంబరు ఎంత?" నంబరు చెప్పగానే అక్కడి ఉద్యోగి కంప్యూటర్‌లో చూసి మీ పేరు, వయసు, ఊరు చెబుతారు. నాలుగేళ్ల క్రితం మీరు ఏ బాధతో వచ్చారు, ఏ మందు ఇచ్చారు, పెన్సిలిన్ ఇంజక్షన్ మీకు పడదని డాక్టరుగారు ఎప్పుడు రాశారు, ఇవన్నీ అందులో ఉంటాయి. మీరు మరిచిపోయినా రికార్డు మరిచిపోదు.

ఒకరోజు ఆ కంప్యూటర్ తెరుచుకోకపోతే ఏమవుతుంది? హార్డ్ డిస్క్ పాడైపోవచ్చు. పిడుగు పడి కాలిపోవచ్చు. దొంగలు ఎత్తుకుపోవచ్చు. డబ్బు పోగుచేస్తే కొత్త కంప్యూటర్ వస్తుంది. అందులోని సమాచారం మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. "పెన్సిలిన్ పడదు" అన్న రెండు మాటలు కనబడకపోతే మనిషి ప్రాణం మీదికే రావచ్చు. అందుకే ప్రతి రికార్డుకూ వేరేచోట ఒక నకలు ఉండాలి. దాన్నే బ్యాకప్ అంటాం.

ఈ రోజుల్లో చిన్న సేవాసంస్థకైనా నాలుగైదు కంప్యూటర్లు ఉంటున్నాయి. వాటన్నిటి నకళ్లనూ క్లౌడ్‌లో ఒకేచోట దాచుకోవడం సులభం, ఖర్చూ తక్కువ. అయితే ఆ ఉమ్మడి చోటును ఎలా చూసుకోవాలో తెలియక చాలామంది నష్టపోతున్నారు. మీలో కొందరు యువజన సంఘం లెక్కలు, మహిళా సమాజం పొదుపు పద్దులు, ట్రస్టు రసీదులు కంప్యూటర్‌లోనే రాస్తున్నారు. కాబట్టి ఈ సంగతి ఆఫీసు వారికే కాదు, మీకూ అవసరమే.

క్లౌడ్ అంటే ఏమిటి?

క్లౌడ్ అంటే మబ్బు. పేరు విని సమాచారం ఆకాశంలో ఎక్కడో ఉంటుందనుకోకండి. అది కూడా నేల మీదే, డేటా సెంటర్ అనే పెద్ద భవనంలో, వేలకొద్దీ కంప్యూటర్ల మధ్య ఉంటుంది. మన ఫైళ్లను ఇంటర్నెట్ ద్వారా అక్కడికి పంపి, అద్దెకు తీసుకున్న చోటులో దాచుకుంటాం.

ధాన్యాన్ని గోడౌనులో పెట్టడం లాంటిదే ఇది. గోడౌను మనది కాదు, ధాన్యం మాత్రం మనది. అద్దె సమయానికి కట్టాలి. తాళంచెవి జాగ్రత్తగా ఉంచుకోవాలి. అప్పుడప్పుడు వెళ్లి బస్తాలు సరిగా ఉన్నాయో, పురుగు పట్టాయో చూసుకోవాలి. ఇవేవీ చేయకుండా "గోడౌనులో ఉంది కదా" అని నిశ్చింతగా కూర్చునే రైతు ఉండడు. కంప్యూటర్ విషయంలో మాత్రం మనం అలాగే కూర్చుంటాం.

సింక్ వేరు, బ్యాకప్ వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి వాటిలో ఒక ఫోల్డరు పెట్టుకుంటే అందులోని ఫైళ్లు అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా కనబడతాయి. దీన్ని సింక్ అంటారు. పనికి ఎంతో సౌకర్యం. కానీ సింక్ అద్దం లాంటిది. ఇక్కడ ఏం జరిగితే అక్కడా అదే కనబడుతుంది. లెక్కల గదిలో ఎవరైనా పొరపాటున ఒక ఫైలు తుడిచేస్తే అది క్లౌడ్‌లోనూ, మిగతా కంప్యూటర్లలోనూ పోతుంది. గూగుల్ డ్రైవ్‌లో తుడిచేసిన ఫైలు చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తరువాత అక్కడి నుండి కూడా పోతుంది. జూలైలో పోయిన ఫైలు సంగతి మార్చిలో ఆడిట్ సమయానికి తెలిస్తే ఏం లాభం?

అసలైన బ్యాకప్ అద్దం కాదు, తేదీలవారీగా తీసి పెట్టిన ఫొటోల ఆల్బం లాంటిది. నిన్నటి స్థితి, పోయిన వారం స్థితి, పోయిన నెల స్థితి విడివిడిగా ఉంటాయి. ఈ రోజు ఫైలు పాడైనా నిన్నటిది తీసుకోవచ్చు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ అనే వైరస్ వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. సింక్ మాత్రమే ఉంటే తాళం పడిన ఫైళ్లే క్లౌడ్‌లోకీ వెళతాయి. పాత తేదీల నకళ్లు ఉన్నవారు దొంగలకు డబ్బు ఇవ్వకుండానే బయటపడగలరు.

నీళ్లు వచ్చిన రోజు, గాలి వచ్చిన రోజు

"మాకు క్లౌడ్ ఎందుకు? బీరువాలో బయటి హార్డ్ డిస్క్ ఉంది కదా" అని కొందరంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల ప్రాంతాలు నీట మునిగాయి. అలా నీళ్లు వచ్చిన గదిలో కంప్యూటర్, దాని పక్కనున్న బీరువా, బీరువాలోని హార్డ్ డిస్క్ మూడూ ఒకేసారి మునుగుతాయి. అందుకే ఒక నకలు ఊరికి దూరంగా ఉండాలి.

"అయితే క్లౌడ్ ఒక్కటే చాలు, డిస్క్ ఎందుకు?" అని మరికొందరంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు దెబ్బతిన్నాయి. అటువంటి రోజుల్లో క్లౌడ్‌లో ఎంత భద్రంగా ఉన్నా మనకు అందదు. ఆసుపత్రికి రోగులు ఎక్కువగా వచ్చేది అటువంటి రోజుల్లోనే. జనరేటరు వేసుకుని తెరిచి చూసుకోవడానికి దగ్గరలో ఒక నకలు కూడా ఉండాలి.

ఈ రెండు అవసరాలనూ కలిపి చెప్పే సూత్రమే 3-2-1. మొత్తం మీద 3 నకళ్లు ఉండాలి, వాడుకలో ఉన్నదానితో కలిపి. అవి 2 రకాల సాధనాల మీద ఉండాలి. కనీసం 1 వేరే ఊళ్లో ఉండాలి. చిన్న సంస్థకు ఇదేమీ పెద్ద ఖర్చు కాదు. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. హార్డ్ డిస్క్‌ను రోజంతా కంప్యూటర్‌కు తగిలించి ఉంచకూడదు. పని అయ్యాక తీసి, వీలైతే ఎత్తయిన చోట పెట్టాలి. తగిలించి ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది.

పెద్దవారికీ తప్పలేదు

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఓపీ నమోదు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లులు అన్నీ కాగితం మీద రాసుకోవలసి వచ్చింది. మళ్లీ గాడిన పడడానికి సుమారు రెండు వారాలు పట్టింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుండి ఈ-హాస్పిటల్ సమాచారాన్ని వెనక్కి తెచ్చామని ఆ తరువాత ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అంతపెద్ద ఆసుపత్రిని ఆదుకున్నది ఆ నకలే.

దక్షిణ కొరియాలో మరోలా జరిగింది. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకోవడానికి జీ-డ్రైవ్ అనే ఉమ్మడి క్లౌడ్ ఉండేది. ఒక్కొక్కరికి సుమారు 30 జీబీల చోటు. 2025 సెప్టెంబరు 26న డేజన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకుని మంటలు లేచాయి. జీ-డ్రైవ్‌లోని సుమారు 858 టెరాబైట్ల సమాచారం కాలిపోయింది. టెరాబైట్ అంటే సుమారు 1000 జీబీలు. పరిమాణం మరీ పెద్దదని దానికి వేరేచోట నకలు పెట్టలేదు. క్లౌడ్ కూడా ఒక భవనమేనని, దానికీ నిప్పు అంటుకుంటుందని ఈ సంఘటన గుర్తు చేస్తుంది.

ఉమ్మడి చోటు ఎలా నిండుతుంది?

ఉదాహరణకు ఐదు కంప్యూటర్లున్న ఒక సేవాసంస్థను ఊహించుకుందాం. వారు అందరికీ కలిపి 200 జీబీల చోటు తీసుకున్నారు. నమోదు కౌంటర్ 6 జీబీలు, మందుల గది 4, లెక్కల గది 2, స్కాన్ చేసిన ఎక్స్-రేలతో ల్యాబ్ 70, ఫొటోలు వీడియోలతో ఆఫీసు 110 వాడుతున్నాయి. మొత్తం 192. మిగిలింది 8 జీబీలు.

ఫోనులో తీసిన ఒక గంట వీడియో, నాణ్యతను బట్టి, 4 నుండి 8 జీబీల వరకు ఉంటుంది. ఒకరోజు వార్షికోత్సవం వీడియో ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టారు. చోటు నిండిపోయింది. ఆఫీసు వారికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఆగిపోయింది నమోదు కౌంటర్ బ్యాకప్. తెర మూలన చిన్న ఎర్ర గుర్తు వచ్చింది. అది ఎవరి పనో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మూడు నెలల తరువాత కౌంటర్ కంప్యూటర్ పాడైంది. క్లౌడ్‌లో చూస్తే మూడు నెలల రికార్డులు లేవు. వీడియో ఉంది, రోగుల సమాచారం లేదు. అందరిదీ అనుకున్నది ఎవరిదీ కాకుండా పోయింది.

దీనికి మందు ఉంది. మొదట, ఏది పోతే తిరిగి రాదో రాసుకోవాలి. రోగుల రికార్డులు, లెక్కలు, రసీదులు, జీతాల పట్టీలు ముందు వరుస. ఉత్తరాలు, నివేదికలు రెండవ వరుస. ఫొటోలు, వీడియోలు మూడవ వరుస. మూడవ వరుసను క్లౌడ్ నుండి తీసి రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టవచ్చు. తరువాత, ఒక్కొక్క కంప్యూటర్‌కు ఇంత చోటు అని హద్దు పెట్టాలి. చోటు 80 శాతం నిండగానే కూర్చుని మాట్లాడుకోవాలి. పాత తేదీల నకళ్లు కూడా చోటు తింటాయి కనుక వాటిని ఎంతకాలం ఉంచాలో ముందే నిర్ణయించుకోవాలి.

ఉచిత ఖాతాల సంగతి కూడా తెలుసుకోండి. గూగుల్ సొంత ఖాతాకు ఉచితంగా ఇచ్చే 15 జీబీలలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ సర్దుకోవాలి. అది నిండితే కొత్త మెయిళ్లు కూడా రావు. ఖాతాను రెండేళ్లు ఎవరూ తెరవకపోతే గూగుల్ దాన్ని తొలగించవచ్చు. నమోదైన సేవాసంస్థలకు గూగుల్, మైక్రోసాఫ్ట్ ప్రత్యేక పథకాలు నడుపుతున్నాయి. అయితే గూగుల్ పథకంలో ఆసుపత్రులకు నేరుగా అర్హత లేదు, వాటికి అనుబంధమైన ధర్మసంస్థలు దరఖాస్తు చేసుకోవచ్చు. నిబంధనలు చదివి అడుగు వేయాలి.

మొదటిసారి పంపడానికి ఓపిక కావాలి

కొత్తగా మొదలుపెట్టినవారు రెండు రోజులకే విసిగి ఆపేస్తుంటారు. లెక్క చూడండి. ఇంటర్నెట్‌లో పైకి పంపే వేగం 10 ఎంబీపీఎస్ ఉంటే, 192 జీబీలు వెళ్లడానికి ఆగకుండా పంపినా దాదాపు 43 గంటలు పడుతుంది. కాబట్టి అన్ని కంప్యూటర్లనూ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ముందు వరుసలోని చిన్న ఫైళ్లతో మొదలుపెట్టి, ఒక్కొక్క కంప్యూటర్‌ను ఒక్కొక్క రాత్రి పంపండి. మొదటిసారి అయ్యాక బ్యాకప్ ప్రోగ్రాములు మారిన భాగమే పంపుతాయి. రోజుకు 200 ఎంబీలు మారితే అదే వేగంతో మూడు నిమిషాల లోపే అయిపోతుంది.

ఖాతా ఎవరి పేరున ఉంది?

చాలా సంస్థల్లో కంప్యూటర్ బాగా తెలిసిన యువకుడు ఒకరుంటారు. మంచి మనసుతో, జీతం తీసుకోకుండా, తన సొంత మెయిల్‌తోనే ఖాతా తెరుస్తారు. ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది. అద్దె కూడా ఆయన కార్డు నుండే పోతుంది. రెండేళ్ల తరువాత ఉద్యోగం వచ్చి బెంగుళూరుకో దుబాయికో వెళతారు. నంబరు మారుతుంది, కార్డు గడువు ముగుస్తుంది. అప్పుడు గాదె నిండా ధాన్యం ఉన్నా తాళంచెవి ఉండదు. ఇందులో ఆ యువకుడి తప్పు లేదు. అడగవలసిన పెద్దలు అడగలేదు.

ఖాతా సంస్థ పేరున, సంస్థ మెయిల్‌తో ఉండాలి. నిర్వహించే అధికారం ఇద్దరికి ఉండాలి, ఒకరు లేనప్పుడు రెండవవారు తెరవగలగాలి. ఒకే పాస్‌వర్డ్‌ను అందరికీ చెప్పకూడదు, ఎవరి పాస్‌వర్డ్ వారికే. ఫోను పోతే వాడుకోవడానికి ఇచ్చే రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి, కవరులో అంటించి, బీరువాలో పెట్టాలి. ఫైళ్లకు మనమే సొంత తాళం వేసి పంపితే ఆ తాళపు మాటను కూడా అలాగే దాచాలి. అది పోతే క్లౌడ్ కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు.

మీ రహస్యం రహస్యంగానే ఉండాలి

చోటు ఉమ్మడి అయినంత మాత్రాన అన్నీ అందరూ చూడకూడదు. మందుల గదివారికి జీతాల పట్టీ అవసరం లేదు. ఆఫీసువారికి ఎవరి హెచ్ఐవి పరీక్ష ఫలితమూ అవసరం లేదు. హెచ్ఐవి సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని 2017లో వచ్చిన చట్టం చెబుతోంది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది, దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు, అవి దశలవారీగా అమలవుతాయి. ఏ కంప్యూటర్ ఫోల్డరు ఎవరు తెరవవచ్చో పట్టిక వేసుకోవాలి. ఉద్యోగం మానినవారి అనుమతిని అదే రోజు తీసివేయాలి. "లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు" అనే పద్ధతిలో రోగుల ఫైలు ఎన్నడూ పంపకూడదు.

తిరిగి తీసి చూశారా?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే తుడిచేశారు. ఆ కంపెనీకి రకరకాల బ్యాకప్ పద్ధతులు ఉన్నాయి. తీరా చూస్తే అవి పనిచేయడం లేదు. బ్యాకప్ ఆగిపోయిందని చెప్పే మెయిళ్లు కూడా వారికి చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి దొరికింది. దానితో బయటపడ్డారు. నిపుణులున్న కంపెనీకే అలా జరిగితే మన సంగతి ఏమిటి?

తెర మీద "బ్యాకప్ పూర్తయింది" అని కనబడడం చాలదు. నెలకొకసారి, ఒక నిర్ణీత రోజున, క్లౌడ్ నుండి ఏదో ఒక ఫైలును వేరే కంప్యూటర్‌లోకి దించండి. తెరిచి చూడండి. అసలుతో పోల్చండి. ఏడాదికి రెండుసార్లు ఒక కంప్యూటర్ మొత్తాన్ని తిరిగి తీసుకురాగలమో లేదో, ఎంతసేపు పడుతుందో చూడండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా ఇది తేలిక.

మీరు అడగదగినవి

వైద్య మండలి 2002 నాటి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుండి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గాని, రోగి తరఫున అధికారం ఉన్నవారు గాని అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. కాబట్టి మీ కాగితాలు అడగడానికి మొహమాట పడకండి. మందు పడదని రాసిన చీటీ, ఆపరేషన్ కాగితం, పిల్లల టీకాల కార్డు, వీటిని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. అది మీ కుటుంబపు చిన్న బ్యాకప్.

సంస్థ కమిటీలో ఉన్నవారు ఈ కింది మాటలు కాగితం మీద రాసి కంప్యూటర్ పక్క గోడకు అంటించుకోండి.

1. బ్యాకప్‌కు బాధ్యులు ఎవరు? వారు లేనప్పుడు ఎవరు?
2. ముందు వరుస ఫైళ్లు ఏవి? అవి మూడు చోట్ల ఉన్నాయా?
3. ఉమ్మడి చోటు ఎంత నిండింది? (ప్రతి సోమవారం చూసి రాయాలి.)
4. అద్దె గడువు ఏ తేదీ? ఎవరు కడతారు?
5. ఎవరెవరికి అనుమతి ఉంది? మానినవారి పేరు తీసేశారా?
6. చివరిసారి ఫైలు తిరిగి తీసి చూసిన తేదీ ఏది? ఎవరు చూశారు?

వీటికి జవాబులు రాసుకోవడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఒక వంద పేజీల నోటు పుస్తకం, వారానికి పది నిమిషాలు చాలు. ఈ సోమవారమే మొదటి పేజీ మీద బాధ్యుల పేరు రాయండి. రేపు కౌంటర్ దగ్గరికి వచ్చే ముసలమ్మ తన నంబరు చెప్పినప్పుడు, ఆమెకు ఏ మందు పడదో ఆ తెర మీద కనబడాలి.